పాప వయసుకి అమ్మ ఐడీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. స్నేహితులతో ఆడుకుంటూ మాట్లాడుకునే ఒక గేమింగ్ యాప్‌లో నాలుగేళ్లుగా అకౌంట్ ఉంది. పదేళ్ల పిల్లకి అకౌంట్ ఇవ్వరని అప్పట్లో పుట్టిన సంవత్సరం మార్చి పెట్టాం. ఆ లెక్కన యాప్ దృష్టిలో తనకి ఇప్పుడు పంతొమ్మిది. ఈమధ్య ‘మీ వయసు నిర్ధారించండి, సెల్ఫీ వీడియో తీయండి లేదా ప్రభుత్వ గుర్తింపు కార్డు అప్‌లోడ్ చేయండి, లేకపోతే చాట్ ఆపేస్తాం’ అని వస్తోంది. ‘అమ్మా, నీ ఐడీ ఇచ్చేయ్, ఒక్క నిమిషం పని’ అని అమ్మాయి వెంటపడుతోంది. మావారేమో ‘మన డేటా ఎప్పుడో అందరి దగ్గరికీ పోయింది, ఇంకా దాచేదేముంది’ అంటారు. పోయిన నెల ఇంకేదో సైట్ అడిగితే తన కార్డు ఫొటో పంపేశారు కూడా. వీపీఎన్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదని మా తమ్ముడి సలహా. పిల్ల ముఖం వీడియో తీసి ఎవరికో పంపాలంటే నాకు భయంగా ఉంది. దానికంటే కార్డు ఇవ్వడమే నయమేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న ఒక తల్లి

సమాధానం: ముందు మీ ఐడీ సంగతి తేల్చేద్దాం. ఇవ్వకండి.

అది లీకవుతుందేమోనన్న భయం ఒక కారణమే కానీ, అంతకంటే పెద్దది ఇంకొకటుంది. మీ కార్డు పెట్టిన క్షణం నుంచి ఆ అకౌంట్ వాడుతున్నది మీ వయసు మనిషని యాప్ రాసుకుంటుంది. ఇప్పటిదాకా అక్కడున్నది ఎవరూ సరిచూడని ఒక తప్పుడు పుట్టిన తేదీ. మీ కార్డు పడితే దానికి రాజముద్ర పడినట్టే. ముక్కూమొహం తెలియనివాళ్లు నేరుగా మెసేజ్ పెట్టకుండా ఆపే సెట్టింగులు, పెద్దల కంటెంట్ కనపడకుండా వేసే తెరలు, ప్రకటనల మీద ఉండే ఆంక్షలు మైనర్ల అకౌంట్లకే వర్తిస్తాయి. అవేవీ మీ అమ్మాయికి వర్తించవు. రేపు ఆ పిల్లని ఎవరైనా ఇబ్బంది పెట్టి మీరు ఫిర్యాదు చేయాల్సి వస్తే, ఆ అకౌంట్ పద్నాలుగేళ్ల పిల్లదని ముందు మీరే నిరూపించుకోవాలి. మీ అమ్మాయి ఇదంతా ఆలోచించి అడిగిందనుకోను. చాట్ ఆగిపోతుందన్న కంగారులో అడిగింది.

ఇది పిల్లలందరూ వెతుక్కునే దారే. దక్షిణ కొరియాలో 2011లో పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ గేములు ఆడకూడదని చట్టం చేశారు. పిల్లలు అమ్మానాన్నల రిజిస్ట్రేషన్ నంబర్లతో, అంటే అక్కడి ప్రభుత్వ గుర్తింపు నంబర్లతో, లాగిన్ అయి ఆడుకున్నారు. పదేళ్లు నడిపాక ఆ చట్టాన్ని ఎత్తేశారు, 2022 నుంచి అది లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ‘ఈ పిల్ల అకౌంట్‌కి తల్లిగా మీరు ఒప్పుకుంటున్నారా’ అని యాప్ అడిగి, మీరు పెద్దవారేనని ఏదైనా ఆధారం కోరితే అది సవ్యమైన ప్రశ్న. అక్కడ మీరు మీరుగానే కనిపిస్తారు, పాప పాపగానే ఉంటుంది. మీ అమ్మాయి అడుగుతున్నది అది కాదు, మీ కార్డుతో తను పెద్దదానిలా లోపలికి వెళ్లడం.

ఇప్పుడు ఆ మెసేజ్ సంగతి. అది ఎక్కడ వచ్చింది? యాప్ తెరిచినప్పుడు లోపల కనిపించిందా, ఈమెయిల్‌కో ఎస్సెమ్మెస్‌కో లింకుగా వచ్చిందా? మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. ‘వయసు నిర్ధారించండి, లేకపోతే అకౌంట్ పోతుంది’ అన్న మాట మోసగాళ్లకి చక్కగా పనికొస్తుంది, ఎందుకంటే ఇప్పుడు నిజమైన కంపెనీలూ అచ్చం అలాగే అడుగుతున్నాయి. లింకు నొక్కకండి. యాప్‌ని మామూలుగా తెరిచి సెట్టింగుల్లోకి వెళ్లి చూడండి. నిజంగా అడిగి ఉంటే అక్కడా కనపడుతుంది. కనపడకపోతే ఆ మెసేజ్‌ని చెరిపేయండి, ఇక మిగతాది చదవక్కర్లేదు.

అక్కడా కనిపించిందనే అనుకుందాం. పంతొమ్మిదేళ్లని రాసి ఉన్నా అనుమానం ఎందుకొచ్చింది? పెద్ద కంపెనీలు పుట్టిన తేదీని నమ్మడం మానేసి చాలాకాలమైంది. ఎవరితో మాట్లాడుతున్నారు, ఏం చూస్తున్నారు అన్న వాటిని బట్టి వయసు అంచనా వేస్తున్నాయి. పుట్టినరోజు శుభాకాంక్షల్లో స్నేహితులు రాసే వయసుని కూడా చూస్తామని ఫేస్‌బుక్ 2021లోనే చెప్పింది. ‘హ్యాపీ ఫోర్టీన్త్’ అని నలుగురు ఫ్రెండ్స్ రాస్తే చాలు, ప్రొఫైల్‌లో పంతొమ్మిదని ఉండి ఏం లాభం? యూట్యూబ్ 2025 ఆగస్టు నుంచి అమెరికాలో చూసే వీడియోలను బట్టి వయసు అంచనా కట్టడం మొదలుపెట్టింది. ప్రైవసీ పేరెత్తితే అందరూ సెల్ఫీ గురించీ కార్డు గురించీ మాట్లాడతారు గానీ, అడగకుండా జరిగే ఈ అంచనా గురించి పెద్దగా మాట్లాడరు. మీకు తెలియకుండానే రోజంతా నడిచే పరీక్ష ఇది. నా దృష్టిలో ఇదే ఎక్కువ చికాకైన విషయం.

ఇక ముఖమా, కార్డా? మీ భయం సహజమే కానీ ఈ రెండింటిలో ముఖమే తక్కువ చేటు అని నా అభిప్రాయం. అయితే అది ఎలా తీస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

సెల్ఫీ పరీక్షలో జరిగేది ఇది. తెర మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత వస్తుంది, ముఖం అందులో ఉండేలా ఫోన్ పట్టుకోవాలి. ‘దగ్గరికి రండి’, ‘కొంచెం ఎడమకి తిరగండి’ అంటుంది. ఆ తిప్పడం అంతా ఎదురుగా ఉన్నది మనిషేనా, ఫొటోనా అని తేల్చుకోవడానికి. తర్వాత సాఫ్ట్‌వేర్ ముఖాన్ని చూసి ఒక వయసు అంచనా ఇస్తుంది. ఇక్కడ ముఖ్యమైన విషయం, ఈ అంచనా కోసం ఆ ముఖం ఎవరిదో తెలియక్కర్లేదు. పేరు అక్కర్లేదు, ఇంకే ఫొటోతోనూ పోల్చక్కర్లేదు. కొన్ని యాప్‌లలో ఈ పనంతా ఫోన్‌లోనే జరిగి, ‘పదమూడు నుంచి పదిహేడు మధ్య’ లాంటి ఒక్క జవాబు మాత్రమే బయటికి వెళ్తుంది. కార్డు అలా కాదు. పేరు, పుట్టిన తేదీ, నంబరు, చాలాసార్లు చిరునామా, ఫొటో, అన్నీ ఒకే బొమ్మలో వెళ్తాయి. పైగా చాలా చోట్ల ఆ కార్డు మీదేనా అని చూడటానికి సెల్ఫీ కూడా అడుగుతారు. అంటే కార్డు ఇచ్చి ముఖాన్ని కాపాడుకోవడం సాధారణంగా కుదరదు, రెండూ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

కాబట్టి ‘వెరిఫై’ నొక్కే ముందు ఆ పేజీలో రెండు సంగతులు వెతకండి. వీడియో ఫోన్‌లోనే ఉంటుందా, సర్వర్‌కి వెళ్తుందా అన్నది ఒకటి. రెండోది, ఈ పని చేసేది యాప్ కంపెనీయా, దాని తరఫున ఇంకొకరా అన్నది. చాలాసార్లు ఇంకొకరే ఉంటారు, వాళ్ల పేరు అడుగున సన్నక్షరాల్లో ఉంటుంది, ప్రైవసీ పాలసీ కూడా వేరే ఉంటుంది. అందులో వీడియోని ఎంతకాలం ఉంచుతారో చదవండి. ‘ఫలితం రాగానే తొలగిస్తాం’ అని సూటిగా రాసి ఉంటే సరే. ‘మా సేవలను మెరుగుపరచడానికి అవసరమైనంత కాలం’ లాంటి వాక్యం కనపడితే నేనైతే వెనక్కి వచ్చేస్తాను.

ఈ అంచనా ఎంత కరెక్ట్ అంటే, ఓ మోస్తరు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో ఆరు సాఫ్ట్‌వేర్లని పరీక్షించింది. వీసా ఫొటోల మీద బాగా పనిచేసినది కూడా సగటున మూడేళ్లు అటూ ఇటూ పోయింది. ఆడవాళ్ల ముఖాల దగ్గర తప్పులు దాదాపు ప్రతిసారీ ఎక్కువే వచ్చాయి. పద్నాలుగేళ్ల పిల్లని పదిహేడనో పద్దెనిమిదనో అనేయొచ్చు. అటువైపు, పిల్లలెవరూ జారిపోకూడదని పాస్ అయ్యే వయసుని ఇరవై రెండు, ఇరవై అయిదు దగ్గర పెట్టుకుంటే, లేతగా కనిపించే ఇరవయ్యేళ్లవాళ్లందర్నీ ‘అయితే కార్డు చూపించు’ అంటారు. పద్దెనిమిది దాటాక కొన్నేళ్ల దాకా ఎవరు ఎంత ప్రైవసీ వదులుకోవాలో వాళ్ల ముఖం లేతదనమే తేలుస్తుందన్నమాట. బ్రిటన్‌లో 2025 జూలైలో ఈ పరీక్షలు తప్పనిసరి అయినప్పుడు కొందరు ఒక వీడియో గేమ్‌లోని పాత్ర ముఖాన్ని కెమెరాకి చూపించి దాటేశారు కూడా.

మీ విషయంలో ముఖ్యంగా చెప్పాల్సింది ఇదే. అంచనా తప్పొస్తే ‘మళ్లీ పరిశీలించమని కోరండి’ అని ఒక దారి చూపిస్తారు. ఆ దారిలోనే కార్డు అడుగుతారు. అక్కడ జాగ్రత్త. 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే చాట్ యాప్ వాడేవాళ్లలో సుమారు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని ఆ కంపెనీయే చెప్పింది. అవి ఎవరివి? వయసు తప్పుగా తేలిందని అప్పీలు పెట్టుకున్నవాళ్లవి. ఎక్కడి నుంచి పోయాయి? కస్టమర్ సపోర్ట్ పని చూసే బయటి సంస్థ దగ్గర్నుంచి. ముఖం చూసి వయసు చెప్పే యంత్రం దగ్గర కాదు, ఫిర్యాదుల కుర్చీలో మనిషి ఉన్న చోట. అందుకే అంచనా తేడా వస్తే వెలుతురు బాగున్న చోట మళ్లీ ప్రయత్నించండి, ఇంకో పద్ధతి ఉందేమో అడగండి. సపోర్ట్ మెయిల్‌కి కార్డు ఫొటో మాత్రం జత చేయొద్దు.

మీవారి మాటకి వస్తాను. ఆయన అన్నదాంట్లో సగం నిజముంది. ఫోన్ నంబరు, పేరు చాలామందివి ఎప్పుడో బయటే ఉన్నాయి. కానీ విడిగా నంబరు పోవడం వేరు, కార్డు ఫొటో, తాజా సెల్ఫీ, ఫలానా సైట్ వాడతారన్న సంగతి, మూడూ ఒకే చోట దొరకడం వేరు. ఆ మూడూ ఉంటే మీ పేరున ఇంకో చోట అకౌంట్ తెరవొచ్చు, బెదిరించనూ వచ్చు. మళ్లీ కొరియా సంగతే చెప్పాలి. అక్కడ 2007 నుంచి పెద్ద వెబ్‌సైట్లలో ఏదైనా రాయాలంటే ముందు అసలు గుర్తింపు చూపించాలన్న నిబంధన ఉండేది. సైట్ల దగ్గర జనం వివరాలు గుట్టలుగా పేరుకున్నాయి. 2011 జూలైలో ఒకే కంపెనీ మీద జరిగిన హ్యాకింగ్‌లో మూడున్నర కోట్ల మంది వివరాలు పోయాయి. దేశ జనాభా అయిదు కోట్లు. మరుసటి ఏడాది ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధన చెల్లదని ఏకగ్రీవంగా కొట్టేసింది. దాచుకోవడానికేమీ లేనివాళ్లకీ పోగొట్టుకోవడానికి ఉంటుందని ఆ మూడున్నర కోట్ల మందికి అర్థమై ఉంటుంది.

తొలగిస్తామన్న హామీని కూడా గుడ్డిగా నమ్మలేం. 2025 జూలైలో మహిళల కోసం పెట్టిన టీ అనే యాప్ నుంచి సుమారు 13,000 ధ్రువీకరణ సెల్ఫీలు, కార్డుల బొమ్మలు బయటపడ్డాయి. అది వయసు కోసం కాదు, సభ్యులు ఆడవాళ్లేనా అని చూడటానికి తీసుకున్నవి. పని అయిపోయాక ఉండకూడని బొమ్మలు పాత నిల్వలో ఉండిపోయాయి. హ్యాకర్ల తెలివి కంటే ఆ ఉండిపోవడమే అసలు కారణమని నాకనిపిస్తుంది. లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు.

మంచి పద్ధతులు లేవా అంటే ఉన్నాయి, ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2024 అక్టోబరులో అశ్లీల సైట్లకి పెట్టిన నిబంధన నాకు నచ్చింది. వయసు చూసేవాడికి మీరెవరో తెలిసినా ఏ సైట్‌కి వెళ్తున్నారో తెలియకూడదు. సైట్‌కి మీ వయసు సరిపోతుందని తెలియాలి కానీ మీరెవరో తెలియకూడదు. అలాంటి దారి ఒక్కటైనా పెట్టి తీరాలన్నారు. యూరోపియన్ యూనియన్ 2025 జూలైలో ఒక యాప్ నమూనా విడుదల చేసింది, అది ‘పద్దెనిమిది దాటింది’ అన్న ఒక్క ముక్కే సైట్‌కి చెప్తుంది, పుట్టిన తేదీ కూడా చెప్పదు. భారత్‌లో 2025 నవంబరులో వచ్చిన డేటా రక్షణ నిబంధనల్లోనూ తల్లిదండ్రుల వయసు చూడటానికి కార్డు బదులు టోకెన్, అంటే కార్డు చూపించకుండానే వయసుకి ఆధారంగా పనికొచ్చే డిజిటల్ చీటీ, వాడే వీలు పెట్టారు. అవి దశలవారీగా అమల్లోకి రావాలి. మీ ముందున్న యాప్‌లో ఇలాంటి టోకెన్ దారి ఏదైనా కనిపిస్తే సెల్ఫీ కంటే ముందు దాన్నే చూడండి.

ఇంకో మాట. కార్డు ఒక్కటే దారి అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు లేకుండా చేసింది. పిల్లల్ని ఆపకపోతే కంపెనీలకి దాదాపు అయిదు కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా. అంత కఠినమైన చట్టం కూడా ప్రభుత్వ కార్డునే ఏకైక మార్గంగా పెట్టకూడదంది, వయసు కోసం తీసుకున్న సమాచారాన్ని పని కాగానే నాశనం చేయాలంది.

మీ తమ్ముడి వీపీఎన్ సలహా మీకు పనికిరాదు. వీపీఎన్ మార్చేది మీరు ఏ దేశం నుంచి వస్తున్నట్టు కనిపిస్తారన్నది మాత్రమే. బ్రిటన్‌లో నిబంధన రాగానే వీపీఎన్ యాప్‌లు డౌన్‌లోడ్లలో పైకెక్కింది అందుకే. మీ దగ్గర అనుమానం వచ్చింది దేశం మీద కాదు, అకౌంట్ మీద. అది ఏ దేశం నుంచి తెరిచినా అదే అకౌంట్. పైగా ఉచిత వీపీఎన్ పెట్టుకుంటే పాప ఏ సైట్లకి వెళ్తోందో ఆ వీపీఎన్ నడిపేవాడికి తెలుస్తుంది. ఒకరికి చెప్పకూడదని ఇంకొకరికి చెప్పుకోవడం ఏం తెలివి?

అందుకని నేను చెప్పేది, వయసు నిజం చెప్పేయండి. పదమూడు దాటింది కాబట్టి చాలా యాప్‌లలో అకౌంట్ పోదు, టీనేజ్ అకౌంట్‌గా మారుతుంది. ఆ పదమూడన్న అంకె 1998 నాటి అమెరికా చట్టం నుంచి వచ్చింది. కొన్ని దేశాల్లో గీత పదహారు, కొన్నిట్లో పద్దెనిమిది, కాబట్టి మీరుండే చోట నిబంధన ఏమిటో యాప్ సహాయం పేజీలో చూసుకోండి. మార్చే ముందు పాప దాచుకున్న ఫొటోలు, చాట్‌లు, కొనుక్కున్న వస్తువుల వివరాలు డౌన్‌లోడ్ చేయించండి. కొన్ని చోట్ల పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి తప్పు పడకుండా చూసుకోండి. తేదీ సరిచేయగానే పరీక్ష అడగడం మానేయొచ్చు కూడా, ఎందుకంటే చాలా చోట్ల నిరూపించుకోవాల్సింది పెద్దవాళ్లమని చెప్పుకునేవాళ్లే.

అమ్మాయికి ఇది నచ్చదు. కొంతమందితో చాట్ నిజంగానే ఆగిపోవచ్చు. ‘నువ్వే కదా అప్పుడు మార్చింది’ అంటుంది, అంటే ఒప్పుకోండి, మీరే మార్చారు. ఆగిపోయే పరిచయాల్లో తనకి బడిలోనో ఇంకెక్కడో నిజంగా తెలిసినవాళ్లెవరో ఇద్దరూ కూర్చుని చూసుకోండి. వాళ్లని మళ్లీ కలుపుకోవడానికి చాలా యాప్‌లలో తల్లిదండ్రుల అనుమతితో దారి ఉంటుంది. ఎవరో తెలియనివాళ్లు ఆగిపోతే ఆగిపోనివ్వండి.

ఇక మీవారు పంపిన కార్డు. ఆ సైట్ ప్రైవసీ పాలసీలో ఒక మెయిల్ చిరునామా ఉంటుంది. ‘ఫలానా తేదీన వయసు ధ్రువీకరణ కోసం ఇచ్చిన గుర్తింపు కార్డు బొమ్మని, దానితో పాటు తీసుకున్న సెల్ఫీ ఉంటే దాన్ని తొలగించండి, మీ తరఫున పనిచేసిన సంస్థ దగ్గర కూడా తొలగించి ఆ మాట రాతపూర్వకంగా తెలపండి’ అని ఆయన మెయిల్ నుంచే రాయించండి. కార్డు మళ్లీ జత చేయమని అడిగితే చేయొద్దు, అకౌంట్ వివరాలతోనే గుర్తుపట్టమనండి. ఆ కార్డు పేరున కొత్త అకౌంట్లు, అప్పులు ఏవైనా మొదలయ్యాయేమో అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండమనండి. ఫోన్ గ్యాలరీలో ఆ కార్డు ఫొటో ఇంకా ఉండే ఉంటుంది, క్లౌడ్‌లో కూడా, రెండు చోట్లా తీసేయించండి.